లాకప్ చావు: శవాన్ని తీసుకోకుండా కూర్చుంటే కేసు నిలబడుతుందా, నీరుగారుతుందా?

కాగితంముఖ్యం (చర్చ మొదలుపెట్టినవారు)

స్టేషన్లో మనిషి పోతాడు. తెల్లారేసరికి ప్రభుత్వాసుపత్రి గేటు ముందు టెంటు పడుతుంది. ఎస్సైని సస్పెండ్ చేసేదాకా, ఎక్స్‌గ్రేషియా ప్రకటించేదాకా శవాన్ని తీసుకోమంటారు. సాయంత్రానికి ఆర్డీవో, డీఎస్పీ వచ్చి కూర్చుంటారు, తెల్లకాగితం మీద నాలుగు హామీలు రాస్తారు, రాత్రికి అంత్యక్రియలు అయిపోతాయి. తర్వాత కేసు ఏమైందో ఆ టెంటు కింద కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలియదు.

నా మాట సూటిగా చెబుతాను. ఆ పది పన్నెండు గంటలే నిందితులకు దొరికే అసలైన సమయం. జనం గేటు దగ్గర ఉంటారు, సాక్ష్యం స్టేషన్లో ఉంటుంది. జీడీ (స్టేషన్ రోజువారీ డైరీ), సెంట్రీ బుక్కు (కాపలా డ్యూటీ పుస్తకం), డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె) ఏమవుతున్నాయో చూసేవాడు ఒక్కడూ ఉండడు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2001 నుంచి 2020 దాకా పోలీసు కస్టడీలో పోయినవాళ్లు 1,888 మంది. పోలీసుల మీద నమోదైన కేసులు 893. చార్జిషీటు పడింది 358 మంది మీద. శిక్ష పడింది 26 మందికి. ధర్నాలకు కొదవ ఉందా ఈ ఇరవై ఏళ్లలో? శవంతో బేరం మొదలైన చోట కేసు చస్తుందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు చెప్పండి.

వరంగల్‌వాక్కు

లెక్క మంచిగనే చెప్పిన్రు గని, ఆ 893 కేసులన్న ఎట్ల నమోదైనయంటరు? స్టేషనోళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి మా మీద మేమే కేసు కట్టుకుంటమన్నరా?

1978 మార్చి, హైదరాబాద్, నల్లకుంట స్టేషన్. రిక్షా తొక్కేటాయన భార్య మీద స్టేషన్లనే అత్యాచారం, అడ్డం బోయిన ఆయనను కొట్టి చంపుడు. జనం శవాన్ని మోసుకొచ్చి స్టేషన్ వరండాలనే పెట్టిన్రు. కాల్పులు, కర్ఫ్యూ, ఊరు ఊరంత ఆగింది. గప్పుడే జస్టిస్ ముక్తదర్ కమిషన్ వచ్చింది, పోలీసోళ్లదే తప్పని తేల్చింది. శవం వరండాల లేకుంటే ఆ కమిషన్ ఏడికెళ్లి వస్తుండె?

2021 జూన్ల అడ్డగూడూరు. దొంగతనం కేసుల పట్టుకొచ్చిన దళిత మహిళ స్టేషన్లనే చనిపోయింది. లొల్లి అయినంకనే హైకోర్టు ఆలేరు మేజిస్ట్రేటుకు విచారణ అప్పజెప్పింది, ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను కొలువులకెళ్లి తీసేసిన్రు. జనం లేకుంటే అది "అనారోగ్యంతో మృతి" అని పేపర్ల నాలుగు లైన్లు. అంతే.

కాగితంముఖ్యం

నల్లకుంట మీరే ఎత్తారు కాబట్టి మిగతా సగం కూడా చెప్పుకుందాం. కమిషన్ దోషులన్నది నిజమే. విచారణ కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. కమిషన్ ముందు ఎవరేం చెప్పినా దాన్ని వాళ్లమీద క్రిమినల్ కేసులో వాడకూడదని 1952 నాటి కమిషన్ల చట్టం ఆరో సెక్షన్‌లోనే ఉంది. జనం ఒత్తిడి కమిషన్ తెచ్చింది, ఒప్పుకుంటాను. శిక్షకు కావలసిన సాక్ష్యం అప్పటికే పోయింది.

కత్తెర_టేబుల్

ఇద్దరూ రెండు వేరు వేరు విషయాలను ఒకే మూటలో కడుతున్నారు. పోస్టుమార్టానికి ముందు శవాన్ని అడ్డుకోవడం ఒకటి. పోస్టుమార్టం అయ్యాక శవాన్ని తీసుకోకపోవడం ఇంకొకటి. మొదటిది కేసుకు దాదాపు ఎప్పుడూ చేటే. రెండోది కొన్నిసార్లు మేలు.

బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 196 ప్రకారం కస్టడీ మరణంలో విచారణ చేసే మేజిస్ట్రేటు 24 గంటల్లోపు శవాన్ని పరీక్షకు పంపాలి, కుదరకపోతే కారణం రాయాలి. ఆ గడువు ఊరికే పెట్టింది కాదు. విసెరా (పరీక్షకు తీసే లోపలి అవయవాల ముక్కలు), రక్తం, మూత్రం ఆలస్యమయ్యేకొద్దీ చెడతాయి. మన ఎండాకాలంలో, కరెంటు పోయే మార్చురీలో మరీ త్వరగా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాత్రి పోస్టుమార్టాలకు అనుమతి ఇచ్చింది. హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాలను మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపుకు మళ్లీ ఒక మినహాయింపు ఉంది: శాంతిభద్రతల సమస్య ఉంటే రాత్రి చేయొచ్చు. అంటే గేటు ముందు రెండు వేల మంది ఉంటే, రాత్రికి రాత్రి ట్యూబులైటు కింద పని కానిచ్చేయడానికి ఆ గుంపే కారణంగా రాసుకోవచ్చు. ట్యూబులైటు వెలుతురులో కమిలిన గాయం రంగు పగటి వెలుతురులో కనిపించినట్టు కనిపించదు. ఎరుపా, నీలమా, పచ్చబారిందా అన్న తేడా మీదే దెబ్బ వయసు ఆధారపడుతుంది. తాజా దెబ్బ ఎర్రగా, తర్వాత నీలంగా, ఐదారు రోజులకు ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారుతుంది. "పట్టుకురాకముందే ఊళ్లో గొడవలో తగిలిన దెబ్బలు" అనే పోలీసు వాదన నిలబడేదీ పడేదీ అక్కడే.

టేబుల్ మీద ఏం చూడాలో కూడా చెబుతాను, ఎందుకంటే రిపోర్టు చదివే లాయర్లకు ఇది పనికొస్తుంది.

లాఠీ దెబ్బకు చర్మం మీద రైలుపట్టాల్లా రెండు సమాంతర గీతలు పడతాయి, మధ్యలో చర్మం తెల్లగా ఉంటుంది. ఇది పైకే కనిపిస్తుంది, కాబట్టి తెలిసినవాళ్లు అలా కొట్టరు. అరికాళ్ల మీద కొడతారు. అరికాలి చర్మం మందం, పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అరికాళ్లు, పిక్కలు, తొడల వెనక, పిరుదులు, వీపు నిలువుగా కోసి చర్మం కింద కొవ్వులో, కండలో రక్తం ఉందా అని చూడాలి. రిపోర్టులో "బాహ్య గాయాలు లేవు" అని రాసి ఈ కోతల ప్రస్తావన లేకపోతే, ఆ రిపోర్టు అర్థం గాయాలు లేవని కాదు, వెతకలేదని.

తొడల మీద రోకలి లాంటిది పెట్టి దొర్లిస్తే ఎముక విరగదు, చర్మం చిట్లదు, కండ నలుగుతుంది. నలిగిన కండలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల్లో అడ్డుపడుతుంది. మనిషి నాలుగైదు రోజుల తర్వాత ఆస్పత్రిలో కిడ్నీలు చెడి పోతాడు. కాగితం మీద "మూత్రపిండాల వ్యాధితో మృతి". దీన్ని పట్టుకోవాలంటే కిడ్నీ ముక్క, తొడ కండ ముక్క మైక్రోస్కోపు కింద చూడాల్సిందే.

ఇక్కడే ఘోరమైన పొరపాటు జరుగుతుంది. మైక్రోస్కోపు పరీక్షకు పంపే ముక్కలు ఫార్మలిన్‌లో వేయాలి. విషం కోసం ఫోరెన్సిక్ ల్యాబుకు పంపేవి చిక్కటి ఉప్పునీళ్లలో వేయాలి. రెండు జాడీలు తారుమారైతే రెండు పరీక్షలూ పోయినట్టే. ఫార్మలిన్ తగిలిన విసెరాలో విషాల జాడ సరిగా దొరకదు, ఉప్పునీళ్లలో నానిన గుండె ముక్కలో గుండెపోటు కనిపించదు. వీడియోలో శవం మొహం ఎంతసేపు చూపించారన్నది కాదు, జాడీల మీద లేబులు, సీలు పడే క్షణం రికార్డయిందా అన్నది చూడండి.

వరంగల్‌వాక్కు

డాక్టర్ సాబ్, రెండోది మేలని మీరే అన్నరు. దాని సంగతి చెప్పుండ్రి.

కత్తెర_టేబుల్

మొదటి పోస్టుమార్టం మీద అనుమానం ఉంటే శవాన్ని ఆపి హైకోర్టుకు వెళ్లడం సబబే. లోతైన కమిలింపులు మొదటి రోజు కన్నా ఒకటి రెండు రోజుల తర్వాత స్పష్టంగా పైకి తేలడం కూడా ఉంది. కానీ దీనికి ఒక హద్దుంది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో పోలీసుల కాల్పుల్లో పోయిన దిశ కేసు నిందితులు నలుగురి శవాలు గుర్తున్నాయా? హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి రెండో పోస్టుమార్టం చేసింది డిసెంబరు 23న. అప్పటికి 17 రోజులు. 2 నుంచి 4 డిగ్రీల్లో పెట్టినా శవాలు యాభై శాతం కుళ్లాయనీ, వారం పది రోజుల్లో పూర్తిగా పోతాయనీ గాంధీ ఆస్పత్రి సూపరింటెండెంటు కోర్టుకు చెప్పారు. మైనస్‌లో పెట్టే సదుపాయం లేని మార్చురీలో జిల్లా స్థాయిలో ఎన్నాళ్లు ఆగుతుందో ఊహించుకోండి. రెండో పోస్టుమార్టం అంటే అప్పటికే కోసి కుట్టిన శరీరం. మెడలోని చిన్న ఎముక, గుండె, మొదటిసారే తీసి ఉంటే రెండో డాక్టరు మొదటివాడి మాట మీద ఆధారపడక తప్పదు.

పూడ్చితే మళ్లీ తవ్వి తీయొచ్చు. కాల్చితే ఇక లేదు. దహనం ఆచారమైన కుటుంబం కూడా ఈ ఒక్క కేసులో పూడ్చిపెట్టడానికి ఒప్పుకుంటే కేసుకు చాలా బలం. చెప్పడం తేలిక, ఒప్పించడం కష్టం, తెలుసు.

రైటర్_రిటైర్డ్

పోలీసు వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను, తిట్టుకోండి.

కస్టడీలో పోయిన ప్రతివాడూ కొట్టడం వల్ల పోడు. రోజూ తాగేవాణ్ని పట్టుకొచ్చి కూర్చోబెడితే మందు ఆగిన రెండో రోజుకో మూడో రోజుకో ఫిట్స్ వచ్చి పోయే ప్రమాదం ఉంది. లుంగీతో, దుప్పటి చింపి ఉరేసుకున్నవి ఉన్నాయి. కూర్చున్న ఎత్తులో కిటికీ ఊచకు కట్టుకున్నా ప్రాణం పోతుంది, "కాళ్లు నేలకు ఆనాయి కాబట్టి హత్యే" అనే జనం లెక్క తప్పు. అయినా సెంట్రీ కళ్లముందు అది జరిగిందంటే నిర్లక్ష్యం కేసు ఎటూ ఉంది.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. కొట్టడం కన్నా ముందు. మనిషిని మంగళవారం తెచ్చి కూర్చోబెడతారు, అరెస్టు గురువారం చూపిస్తారు. ఆ రెండు రోజులు వాడు కాగితం మీద స్టేషన్లో లేడు. జీడీలో లేడు, సెంట్రీ రిలీఫ్ బుక్కులో "లాకప్ నిల్" అని ఉంటుంది, భోజనం ఖర్చు లేదు, వైద్య పరీక్ష లేదు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న నిబంధనను దాటడానికి చేసే పని ఇది. వాడు ఆ మధ్యలో పోతే అప్పుడు రాయడం మొదలవుతుంది. ఇప్పుడు జీడీ సీసీటీఎన్‌ఎస్ అనే పోలీసు కంప్యూటర్ నెట్‌వర్కులో ఆన్‌లైన్, ఎంట్రీ ఎప్పుడు కొట్టారో సర్వరుకు తెలుస్తుంది. అందుకని పాత తేదీ వేయడం కష్టమై, చేత్తో రాసే చిన్న బుక్కుల మీద పడతారు. ఆ బుక్కులే ముందు సీజ్ కావాలి.

ఇంకొకటి. మొదటిరోజే స్టేషన్ మొత్తం మీద హత్య కేసు పెట్టమని జనం అడుగుతారు. అది పెద్ద పొరపాటు. సాత్తాన్‌కుళం చూడండి, 2020 జూన్, తమిళనాడు, లాక్‌డౌన్‌లో సెల్‌ఫోన్ షాపు తెరిచారని పట్టుకొచ్చిన తండ్రీకొడుకుల చావు. అక్కడ కేసుకు ప్రాణం పోసింది అదే స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న మహిళా హెడ్ కానిస్టేబుల్ వాంగ్మూలం. రాత్రంతా కొట్టారనీ, లాఠీలకు, బల్లకు రక్తం అంటిందనీ మేజిస్ట్రేటుకు చెప్పింది ఆమే. ఆమెను కూడా నిందితురాలిగా చేర్చి ఉంటే ఆ నోరు తెరుచుకునేదా? పోలీసు మీద పోలీసు సాక్ష్యం చెప్పడని సుప్రీంకోర్టే 1995లో శ్యాంసుందర్ త్రివేది కేసులో బాధపడింది. చెప్పడానికి సిద్ధమైన ఒక్కరిని కూడా మీరే నిందితుల బోనులోకి తోస్తే ఎలా?

గోదారిగట్టు

నిందితుల జాబితా చిన్నదిగా పెట్టమంటున్నారు, బాగుంది. కానీ ఆ జాబితా రాసేది ఎవరు? పక్క సర్కిల్ సీఐ. నిన్నటిదాకా ఇదే స్టేషన్‌కు బందోబస్తుకు వచ్చినవాడు.

రైటర్_రిటైర్డ్

ఒప్పుకుంటున్నా. అందుకే సీఐడీకో వేరే జిల్లాకో ఇవ్వాలి.

కేసుడైరీ

సెక్షన్ల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తున్నారు, ఇది సరిచేసుకుందాం.

స్టేషన్‌లో చావు జరగ్గానే పోలీసులు పెట్టేది బీఎన్‌ఎస్‌ఎస్ 194, పాత 174. అది అనుమానాస్పద మరణం మాత్రమే, అందులో నిందితుడు ఉండడు. ధర్నాలో "కేసు పెట్టాం సార్" అని చూపించే కాగితం చాలాసార్లు ఇదే. జనం చప్పట్లు కొట్టి లేస్తారు. మీరు అడగాల్సింది బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 103 కింద హత్య, లేదా కనీసం 105, అంటే హత్య స్థాయికి రాని నరహత్య. దాంతోపాటు ఒప్పించడానికి కొట్టినందుకు 120, సాక్ష్యం మాయం చేసినందుకు 238. 120 కింద తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా శిక్ష ఉంది. హత్య రుజువు కాకపోయినా ఈ సెక్షన్ నిలబడే అవకాశం ఉంది, అయినా దీన్ని ఎఫ్‌ఐఆర్‌లో మరిచిపోతారు.

కుటుంబం ఫిర్యాదు రాసిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టక తప్పదని సుప్రీంకోర్టు లలితా కుమారి తీర్పు 2013లోనే చెప్పింది. ఎన్‌కౌంటర్ చావుల్లో కూడా ఎఫ్‌ఐఆర్ కట్టాలి, ఆత్మరక్షణ అనేది విచారణలో తేలాలి అని మన ఉమ్మడి హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి 2009లో అంది. పోలీసు అధికారుల సంఘం వెళ్లి సుప్రీంకోర్టులో దాన్ని ఆపించుకుంది. తర్వాత 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్లకు ఎఫ్‌ఐఆర్, వేరే స్టేషన్‌తోనో సీఐడీతోనో దర్యాప్తు అంటూ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆర్డీవో విచారణ అనే మాట వింటే చాలు, సగం ధర్నాలు విరమిస్తున్నారు. కస్టడీ చావులో 2006 నుంచి అమల్లో ఉన్న నిబంధన జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ. పాత 176(1ఎ), ఇప్పుడు 196(2). ఆర్డీవో రెవెన్యూ అధికారి, కలెక్టరు కింద పనిచేస్తాడు, ఎస్పీతో రోజూ పని ఉంటుంది. కలెక్టరు ఆర్డీవోను వేస్తే, అది ఈ సెక్షన్‌కు బదులు కాదు అని అదే రోజు కోర్టులో అర్జీ పెట్టాలి. సాత్తాన్‌కుళంలో మేజిస్ట్రేటు నేరుగా స్టేషన్‌కు వెళ్లాడు కాబట్టే అక్కడి సిబ్బంది ఆయనకు సహకరించకపోవడం, నోరుపారేసుకోవడం రికార్డయింది. దాంతో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆ స్టేషన్‌ను రెవెన్యూ అధికారుల చేతుల్లో పెట్టించింది. టెంటు కింద కూర్చుని ఇలాంటిది సాధించలేరు.

డీవీఆర్‌దాసు

అదే సాత్తాన్‌కుళంలో డీవీఆర్‌లో 1 టీబీ డిస్క్ ఉంది. అందులో ఖాళీ ఉండగానే రోజూ దానంతటదే చెరిగిపోయేలా సెట్టింగు పెట్టారు. మేజిస్ట్రేటు రిపోర్టులో ఉంది ఇది.

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: గేటు, లాకప్, కారిడార్లు, సీఐ గది, ఎస్సై గది, వెనకవైపు, బాత్రూముల బయట, ప్రతిచోటా రాత్రి చూపు ఉన్న కెమెరా, శబ్దం కూడా. ఫుటేజీ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలి. ఇప్పుడు లెక్క వేద్దాం. 16 కెమెరాలు, ఒక్కోటీ సెకనుకు 1 మెగాబిట్ మాత్రమే రాస్తుందనుకుందాం, అంటే ఓ మోస్తరు నాణ్యత. రోజుకు ఒక్కో కెమెరాకు 10.8 జీబీ. 16 కెమెరాలకు సుమారు 173 జీబీ. 18 నెలలకు 93 టీబీ. 4 టీబీ డిస్కు ఉన్న స్టేషన్‌లో 23 రోజులు దాటేసరికి పాతది మాయం. 1 టీబీ అయితే ఆరు రోజులు కూడా కాదు. ఎవరూ కావాలని చెరపక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ తనంతట తానే కెమెరాల కేసు చేపట్టిందంటే అమలు సంగతి అర్థమవుతుంది.

అందుకని డిస్కును ఎవరు, ఎప్పుడు ఆపారు అన్నదే మొదటి ప్రశ్న. "ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం" అంటే ఒప్పుకోవద్దు. డీవీఆర్ మొత్తం సీజ్ చేయాలి. తీసే ముందు దాని గడియారం, చేతి గడియారం పక్కపక్కన పెట్టి ఫొటో తీయాలి. చాలా డీవీఆర్‌లు పది నిమిషాలు ముందో వెనకో నడుస్తాయి. ఆ తేడా పంచనామాలో రాయకపోతే కోర్టులో డిఫెన్సువాళ్లు ఫుటేజీ సమయానికి, 108 అంబులెన్సు కాల్ సమయానికి పొంతన లేదని మొత్తాన్ని పడగొడతారు. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకె) తీయాలి, భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్‌లో అది ఉండాలి.

కెమెరా పనిచేయలేదంటే? అయిపోలేదు. పోయిన మనిషి ఫోను, ఎస్సై ఫోను, డ్రైవరు ఫోను కాల్ రికార్డులు టెలికాం కంపెనీలు రెండేళ్లు ఉంచాలి. వాడు మంగళవారం నుంచి స్టేషన్ టవర్ కిందే ఉన్నాడని అది చెబుతుంది. స్టేషన్ ఎదురుగా ఉండే టీకొట్టు, మెడికల్ షాపు, ఏటీఎం కెమెరాలు చూడండి. అవి వారం పది రోజులే ఉంటాయి. వాటిని కూడా టెంటు మింగేస్తుంది.

వరంగల్‌వాక్కు

దాసన్న లెక్క మస్తుగున్నది. గని నాదొక మాట. ఈ డీవీఆర్ సీజ్ చేయమని అడిగే లాయరు ఆ రాత్రి ఆ కుటుంబానికి ఎవలు? పోయినోడు పాత నేరస్తుడో, కూలోడో, వలసొచ్చినోడో అయి ఉంటడు. వాళ్లకు దొరికే బలం అదొక్కటే, శవం. అది గూడ ఇచ్చేస్తే ఇగ వాళ్లను ఎస్పీ ఆఫీసు గేటు దాటనియ్యరు. రాజస్థాన్‌ల 2023ల చట్టమే తెచ్చిన్రు, శవంతోని ధర్నా చేస్తే జైలని. సర్కారుకు అంత భయమెందుకైతది, అది పనిచేయకుంటే?

కాగితంముఖ్యం

భయం ఉందనేది నిజం. ఆ భయంతో అడిగేది ఏమిటన్నదే నా ప్రశ్న. సస్పెన్షన్ అంటే సగం జీతంతో ఇంట్లో కూర్చోవడం, కొన్నాళ్లకు పోస్టింగు. అది శిక్ష కాదు. అదే జనం, అదే టెంటు, అడిగే జాబితా మారితే నాకు అభ్యంతరం లేదు.

గోదారిగట్టు

జనం జనం అంటున్నారు, అదే జనం చటాన్‌పల్లిలో పోలీసుల మీద పూలు చల్లారు. స్వీట్లు పంచారు. ఆ నలుగురూ పోలీసు కస్టడీలో ఉన్నవాళ్లే. ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ రిపోర్టు 2022 మేలో బయటికొచ్చింది: చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని. పూలు చల్లినవాళ్లలో ఎవరైనా ఆ రిపోర్టు చదివారా?

పోయినవాడు మనవాడైతే టెంటు, కానివాడైతే పూలు. జనం స్పందన మీద కేసు ఆధారపడితే, ఎవడి చావుకు కేసు పడాలో కులం, మతం, నేరం పేరు నిర్ణయిస్తాయి.

వరంగల్‌వాక్కు

ఈ మాట కాదనలేను.

కేసుడైరీ

డబ్బు దగ్గర కూడా ఒక అపోహ ఉంది. ఎక్స్‌గ్రేషియా తీసుకుంటే కేసు రాజీ అయినట్టేనని కుటుంబాన్ని నమ్మిస్తారు. అబద్ధం. హత్య రాజీ చేసుకోగల నేరం కాదు, ఆ తెల్లకాగితానికి కోర్టులో విలువ లేదు. డబ్బు తీసుకోండి, సాక్ష్యం కూడా చెప్పండి. పోయినవారు ఎస్సీ ఎస్టీ అయితే అట్రాసిటీ నిబంధనల కింద హత్యకు 8 లక్షల 25 వేలు హక్కుగా వస్తాయి, సగం పోస్టుమార్టం అయ్యాక, సగం చార్జిషీటు కోర్టుకు వెళ్లాక. దీన్ని ప్రభుత్వ దయగా ప్రకటించి, మీ నుంచి ధర్నా విరమణ కొనుక్కోవడం ఏమిటి?

డబ్బు వల్ల నిజంగా జరిగే నష్టం వేరే. పెద్దమనుషులు మధ్యలో దూరతారు, ఏడాది తర్వాత కొడుకు, తమ్ముడు సాక్షి బోనులో అడ్డం తిరుగుతారు. దానికి విరుగుడు ఒక్కటే: మొదటి వారంలోనే బీఎన్‌ఎస్‌ఎస్ 183 కింద మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలాలు ఇప్పించడం. పాత 164. లాకప్‌లో పక్కన కూర్చున్న ఇతర నిందితుల వాంగ్మూలం మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్లు బెయిల్ మీద వచ్చాక అదే స్టేషన్‌కు సంతకం పెట్టడానికి వెళ్లాలి.

ఆపైన అనుమతి గొడవ. ప్రభుత్వోద్యోగిపై విచారణకు బీఎన్‌ఎస్‌ఎస్ 218 కింద ప్రభుత్వ అనుమతి కావాలంటారు. కొట్టి చంపడం డ్యూటీ కాదు కాబట్టి అవసరం లేదని మనం అంటాం, డ్యూటీలో హద్దు మీరడమే కాబట్టి కావాలని వాళ్లు అంటారు, దానికే ఏళ్లు గడుస్తాయి. కొత్త చట్టంలో ఒక మార్పు వచ్చింది: అడిగిన 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. చార్జిషీటుతో పాటే అడిగిన తేదీకి రుజువు దాచుకోండి.

కస్టడీలో గాయాలు తేలితే పోలీసే చేశాడని కోర్టు భావించవచ్చు అనే నిబంధన తెమ్మని లా కమిషన్ 1985లోనే 113వ నివేదికలో చెప్పింది. 2023లో సాక్ష్య చట్టం మొత్తం తిరగరాశారు, అప్పుడు కూడా పెట్టలేదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మోసం ఇదే.

కాగితంముఖ్యం

సరే, టెంటు ఉండనీ. దాని కింద ఉన్నవాళ్లు ఆర్డీవో చేతికి ఇవ్వాల్సిన ఒక పేజీ అర్జీ ఇలా ఉండొచ్చు, దిద్దండి. ఒకటి, ఈ గంటలోనే డీవీఆర్ ఆపి సీజ్ చేయాలి, మా మనిషి ఒకరు చూస్తుండగా. రెండు, జీడీ, సెంట్రీ రిలీఫ్ బుక్కు, వాహనాల లాగ్ బుక్కు మేజిస్ట్రేటుకు అప్పగించాలి. మూడు, పోస్టుమార్టం పగటిపూట, ఇద్దరు డాక్టర్లతో, వీడియోతో, మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ విభాగంలో. నాలుగు, 103, 120, 238 కింద ఎఫ్‌ఐఆర్, కాపీ మాకు. ఐదు, 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు పంపాల్సిన సమాచారం పంపినట్టు నకలు. ఆరు, దర్యాప్తు సీఐడీకి.

కత్తెర_టేబుల్

మూడోదాంట్లో "చర్మం కింద కోతలు వేసి చూడాలి, కిడ్నీ, గుండె, కండ ముక్కలు హిస్టోపాథాలజీకి (మైక్రోస్కోపు పరీక్షకు) పంపాలి" అని కలపండి. రాతపూర్వకంగా అడిగినదాన్ని చేయకపోతే డాక్టరు కోర్టులో సమాధానం చెప్పాలి. అడగకపోతే మరిచిపోయానంటాడు. ఆస్పత్రి క్యాజువాలిటీ రిజిస్టరు కూడా చేర్చండి. శవంగా తెచ్చారా, ప్రాణంతో తెచ్చారా, ఎన్ని గంటలకు, తెచ్చిన కానిస్టేబుల్ ఎవరు, అక్కడ ఒక్క లైనులో ఉంటుంది.

రైటర్_రిటైర్డ్

సీజ్ చేసే జాబితాలో స్టేషన్ మొత్తం సిబ్బంది డ్యూటీ చార్టు పెట్టండి. ఆ రాత్రి ఎవరు లేరో తేలితేనే ఎవరు సాక్షులో తేలుతుంది. ఇంకో విషయం, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు కుటుంబం కూడా విడిగా రాయాలి, ఏడాది దాటితే తీసుకోరు.

వరంగల్‌వాక్కు

ఒక్కటి మర్చిపోయిన్రు అందరు. శవ పంచనామాల. తహసీల్దారు బంధువుల వాంగ్మూలం రాసుకుంటడు, చివరికి ఒక లైను ఉంటది: "మాకు ఎవరిమీదా ఎటువంటి అనుమానం లేదు." ఏడ్చుకుంట ఉన్న తల్లి ఏలుముద్ర పెడతది, చదివి వినిపించేటోడు ఉండడు. మూడేండ్లకు డిఫెన్సు లాయరు మొట్టమొదలు తీసి చూపెట్టేది గా లైనే.

కేసుడైరీ

నిజం. ఆ లైను కొట్టేసి, పక్కన "అనుమానం ఉంది, స్టేషన్ సిబ్బంది మీద" అని రాసి, దాని కింద సంతకం పెట్టాలి. చివర పెడితే చాలదు, కొట్టివేత పక్కనే పెట్టాలి. రాయనివ్వకపోతే సంతకం చేయకుండా లేచి, అదే మాట స్పీడ్ పోస్టులో మేజిస్ట్రేటుకు పంపాలి. పోస్టాఫీసు రశీదు మీద తేదీతో పాటు గంట కూడా ఉంటుంది.